మా అమ్మాయికి స్టార్ ట్రెక్ పిచ్చి, ఆపాలా? – ఒక పాత అభిమాని జవాబు

హన్మకొండ నుంచి ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏడాది నుంచి స్టార్ ట్రెక్ తప్ప వేరే ధ్యాస లేదు. పాత సిరీస్ మొత్తం అయిపోయింది, ఇప్పుడు తర్వాత వచ్చినవి చూస్తోంది. నోటుబుక్కుల నిండా ఓడల బొమ్మలే. ఇంటికొచ్చిన పెద్దవాళ్లకు దండం పెట్టమంటే వేళ్లు రెండు జతలుగా విడదీసి చెయ్యెత్తుతుంది. వచ్చే ఏడు టెన్త్. మా అత్తమ్మ టీవీ వైరు పీకెయ్యమంటోంది. ఆపాలా? దీనివల్ల పిల్లకు ఒరిగేది ఏమన్నా ఉందా?"

చెల్లే, వైరు పీకొద్దు. జవాబు అంతే. ఎందుకో చెప్పాలంటే మాత్రం నా చిన్నప్పటి సంగతి కొంత చెప్పాలి. మీ అమ్మాయి కన్నా చిన్నప్పుడే నాకూ ఇదే పిచ్చి, ఇదే సిరీస్. అంతరిక్షంలో గ్రహం గ్రహం తిరిగే ఓడ కథ, అమెరికా టీవీ సిరీస్. తర్వాత ఇరవై ఏడేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లల్ని, సినిమా పిచ్చి ఉన్న పిల్లల్ని, ఏ పిచ్చీ లేని పిల్లల్ని అందర్నీ చూశాను. నాకు బెంగ కలిగింది ఆ చివరి వాళ్లను చూసే.

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో టింబర్‌మెన్. అంటే బాయిల, బొగ్గు గని లోపల, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్లాక దేశంలో టీవీ ఊరూరికీ పాకడం మొదలైంది. అయినా 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ రష్యా వాళ్ల సోయుజ్ నౌకలో అంతరిక్షానికి వెళ్లినప్పుడు మా క్వార్టర్ల లైన్‌లో ఒక్క టీవీ కూడా లేదు, పేపర్లో ఫొటో చూసుకున్నాం. ఆ తర్వాత కొన్నాళ్లకు బాయిల పని చూసే ఓవర్‌మెన్ సారు ఇంటికి ఈసీ టీవీ వచ్చింది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ తయారుచేసిన టీవీ. చెక్క పెట్టె, ముందు పక్కకు జరిపే తలుపులు, బ్లాక్ అండ్ వైట్ బొమ్మ. ఒకరు మిద్దె మీద యాంటెన్నా తిప్పాలి, ఒకరు కిటికీ దగ్గర నిలబడి "వచ్చింది... పోయింది... ఆ, గంతే ఉంచు" అని అరవాలి.

ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ వేసేవాళ్లు. ఇంగ్లీషు, కింద అక్షరాలు కూడా ఉండవు. గది నిండా ఉన్న జనం అది మొదలవగానే "ఇగ సాయంత్రం సినిమాకే వద్దాం" అని లేచేవాళ్లు. నేనూ సారు కొడుకూ మిగిలేవాళ్లం. కొన్ని వారాలకు అతనూ గోలీలాటకు జారుకున్నాడు. నేను ఆరో తరగతి, తెలుగు మీడియం. వాళ్లు మాట్లాడేదాంట్లో పదింట ఒక్క మాట పట్టుకుంటే గొప్ప. అయినా కదల్లేకపోయాను. ఒక ఓడ, అందులో ఒక నల్లజాతి ఆడమనిషి, ఒక జపాను మూలాల మనిషి, ఒక రష్యన్, చెవులు కోసుగా ఉన్న ఒక వేరే గ్రహం మనిషి. అందరూ ఒకే గదిలో కూర్చుని పనిచేస్తున్నారు, ఎవరి పని వాళ్లకు వచ్చు. బాయి దగ్గర కాకుండా అట్లా రకరకాల ఊళ్ల మనుషులు ఒక్క పని మీద కలిసి కూర్చోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

బ్లాక్ అండ్ వైట్ కాబట్టి నాకు అందరివీ బూడిద రంగు చొక్కాలే. కెప్టెన్ వాళ్లకు బంగారు రంగు, సైన్సు వాళ్లకు నీలం, ఇంజనీర్లకూ కాపలా వాళ్లకూ ఎరుపు అని తెలిసింది ఎన్నో ఏళ్ల తర్వాత. ఎర్ర చొక్కా వేసుకుని కొత్త గ్రహం మీద దిగే పేరులేని మనిషి తిరిగి రాడని అభిమానులందరికీ మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. నాకు తెలియదు. నేను ప్రతి ఒక్కరూ బతుకుతారనే చూసేదాన్ని. ఆ నల్లజాతి ఆడమనిషి పేరు ఉహురా, ఆమె గౌను నా మనసులో చిలకపచ్చ. నిజానికి అది ఎరుపు. ఇప్పటికీ ఆమెను తలుచుకుంటే నాకు పచ్చగానే కనిపిస్తుంది.

మాటలు అర్థం కాకపోవడం వల్ల ఒక పని చేయాల్సి వచ్చేది. ఇంటికి రాగానే లాంగ్ నోటుబుక్కులో ఎడమ పేజీ మీద కళ్లతో చూసింది రాసేదాన్ని, కుడి పేజీ మీద అది ఎందుకు జరిగి ఉంటుందో రాసేదాన్ని. తర్వాతి ఆదివారం దాకా ఏడు రోజులు ఉంది కదా. కుడి పేజీ మంగళవారం ఒక రకంగా ఉండేది, గురువారానికి కొట్టేసి ఇంకో రకంగా రాసేదాన్ని. మీరు అడిగిన 'ఒరిగేది' అన్న మాటకు నా మట్టుకు జవాబు ఆ కుడి పేజీలోనే ఉంది. అందుకే ఒక్క ఎపిసోడ్ సంగతి వివరంగా చెబుతాను.

అది గని కథ. జానస్ సిక్స్ అనే గ్రహం లోపల గని కార్మికులు తవ్వుతుంటారు. ఏదో జంతువు బండల్లోంచి వచ్చి వాళ్లను కాల్చి చంపుతోంది, యాభై మందికి పైగా పోయారు. సొరంగాలు, తలల మీద భయం, ఏదో కూలిన చప్పుడు. ఆ రోజు మా గదిలో జనం లేవలేదు. "ఇది మన బాయే గదా" అని కూర్చున్నారు. గని పెద్దాయన టేబుల్ మీద ఒక గుండ్రటి రాయి ఉంటుంది, ఆ కోసు చెవుల మనిషి స్పాక్ దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తాడు. అలాంటివి కింది అంతస్తులో వేలకు వేలు దొరికాయని, పనికిరానివని వాళ్లు చెబుతారు. కెప్టెన్ కిర్క్ ఒంటరిగా ఆ జంతువుకు ఎదురుపడతాడు. హోర్టా దాని పేరు. కరిగి గడ్డకట్టిన బండ లాగా ఉంటుంది, నేల మీద పాకుతుంది. చేతిలో తుపాకీ ఉన్నా కిర్క్ కాల్చడు, నిలబడి చూస్తాడు. అంతకుముందు దాన్ని ప్రాణాలతో పట్టుకోవాలన్న స్పాకే, స్నేహితుడికి ఆపద అనేసరికి కాల్చెయ్యమంటాడు. చంపాలన్న కిర్కేమో ఆగాడు, ఇద్దరి మాటా తారుమారైంది. తర్వాత స్పాక్ వచ్చి దానికి దగ్గరగా చేతులు పెట్టి మనసుతో మాట్లాడాలని చూస్తాడు. నొప్పి, నొప్పి అని అరుస్తాడు. అది వెనక్కి జరిగి, తన ఒంటి ఆమ్లంతో బండ మీద మూడు మాటలు కాల్చి రాస్తుంది. నో కిల్ ఐ.

ఆ మూడు మాటలూ నాకు తెలిసినవే. ఆ సిరీస్‌లో మొదటిసారి ఒక వాక్యం మొత్తం నాకు అర్థమైంది. ఎందుకంటే దాని ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషు లాగే ముక్కలుగా ఉంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మళ్లీ వచ్చేసరికి వేరే ప్రోగ్రాం నడుస్తోంది. ఇంటికొచ్చి కుడి పేజీ ముందు కూర్చున్నాను, ఏమీ రాయలేకపోయాను. 'చంపొద్దు నన్ను' అంటోందా, 'చంపను నేను' అంటోందా? కిర్క్ కూడా ఆ రాతను చూసి ఇదే అంటాడని, అది వేడుకోలా మాట ఇవ్వడమా అని అడుగుతాడని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

బాపు ఆ రోజు మొదటి షిఫ్టు చేసి వచ్చాడు. స్నానం చేసి, చెవుల దగ్గర ఇంకా బొగ్గు మిగిలే ఉండగా, అన్నం ముందు కూర్చున్నాడు. నేను కథంతా చెప్పాను, జంతువు ఎట్లా పాకిందో నేల మీద పాకి చూపించాను. బాపు తింటూ విన్నాడు. టింబర్‌మెన్లకు వినడం అలవాటు. పైకప్పును కర్రతో తట్టి, వచ్చే చప్పుడును బట్టి అది గట్టిదో, లోపల విడివడ్డదో చెప్పాలి. గట్టి బండ గణగణ మోగుతుంది, విడివడింది డొల్లుగా, పగిలిన డప్పులాగా వినిపిస్తుంది. ఆ తేడా వినకపోతే ప్రాణం పోతుంది.

చెయ్యి కడుక్కునేటప్పుడు అడిగాడు. "గా టేబుల్ మీద గుండు ఉన్నదంటివి గదనే, గదేంది?"

"ఉత్త రాయి బాపూ. వేలకు వేలు ఉన్నయట. పనికిరానివట."

"పనికిరాందాన్ని ఊకె టేబుల్ మీద పెట్టి సూపియ్యరు బిడ్డా. గయి దాని గుడ్లయి ఉంటయి. వీళ్లు పలగ్గొట్టిన్రు. గందుకే మీదికొస్తంది. గుడ్లు తీస్తె పిట్ట సుత మీదికొస్తది."

కుడి పేజీ మీద అదే రాసుకున్నాను. కింద బాపు పేరు కూడా రాశాను.

ఆ ఎపిసోడ్ చివర నేను చూసింది పదిహేనేళ్లకు పైగా గడిచాక, కోఠిలో కొన్న సీడీ మీద. బాపు రిటైరై నా దగ్గరే హన్మకొండలో ఉన్నాడు. ఇద్దరం కూర్చుని చూశాం, నేను ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను. అవి గుడ్లే. యాభై వేల ఏళ్లకోసారి ఆ జాతి మొత్తం చనిపోయి ఒక్క తల్లి మాత్రం మిగిలి, గుడ్లన్నిటినీ కాస్తుంది. కార్మికులు తెలియక వాటిని పగలగొట్టారు. గుడ్ల సంగతి రాగానే బాపు నావైపు చూడలేదు, తెర మీదే కళ్లు పెట్టి తల మాత్రం మెల్లగా ఊపాడు. చివర్లో డాక్టర్ మెకాయ్ సిమెంటు లాంటిది పూసి దాని గాయం మాన్పుతాడు, కార్మికులకూ హోర్టాకూ రాజీ కుదురుతుంది. పిల్లలు సొరంగాలు తవ్వుతాయి, వీళ్లు ఖనిజం ఏరుకుంటారు. బాపుకు రాజీ చాలా నచ్చింది. "మనిషి దిక్కు ఒక మాట, దాని దిక్కు ఒక మాట సెప్పెటోడు మధ్యల ఉండాలె" అన్నాడు, స్పాక్‌ను ఉద్దేశించి. ఈ ఎపిసోడ్ షూటింగ్ నడుస్తుండగానే కిర్క్ వేషం వేసిన విలియం షాట్నర్‌కు తండ్రి పోయారన్న కబురు వచ్చింది, అయినా ఆయన ఆ రోజు పని ముగించే వెళ్లారు. అది కూడా చెప్పాను. బాపు చాలాసేపు ఏమీ అనలేదు.

ఇప్పుడు మీ అమ్మాయి దగ్గరకు వస్తాను. ఆమెకు నా కన్నా ఇంగ్లీషు వచ్చు, కరెంటు పోదు, అన్ని ఎపిసోడ్లూ వరసగా ఉన్నాయి. పాత సిరీస్ 79 ఎపిసోడ్లు, మూడు సీజన్లు, 1966 సెప్టెంబర్ 8న మొదలై 1969 జూన్‌లో ఆగిపోయింది. మేం వాటిని వారానికొకటి చొప్పున, అందులో కూడా సగం సగం చూశాం. మీ అమ్మాయి ఒక్క సెలవులో చూసెయ్యగలదు. నాకు నిజంగా అభ్యంతరం ఉన్నది ఇక్కడే. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలైతే కుడి పేజీకి చోటు ఉండదు. మీరు ఆపాల్సింది సిరీస్‌ను కాదు, ఆ వరసను. వారంలో రెండు రోజులు, రోజుకు ఒకటి. ఏ రోజులో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. రాత్రి పదకొండు తర్వాత మాత్రం వద్దు, ఈ విషయంలో మీ అత్తమ్మతో నేనూ కలుస్తాను. నిద్రలేని పిల్లకు లెక్క రాదు, కథ కూడా ఎక్కదు.

నోటుబుక్కులు తీసెయ్యొద్దు. బడిలో ఒక సారు నా పుస్తకం లాక్కుని, "ఇదేనా నువ్వు చదివేది" అని నాలుగు పేజీలు క్లాసు ముందు చింపాడు. నేను రాయడం మానలేదు కానీ, ఏడాది పాటు ఎవరికీ చూపించలేదు, బాపుకు కూడా. ఆ ఏడాది కుడి పేజీలు ఇప్పుడు చదివితే పేలవంగా ఉన్నాయి. వినేవాళ్లు లేని పిల్ల ఆలోచన అక్కడక్కడే తిరుగుతుంది. ఓడ బొమ్మలు ఉంటే, ఏ ఓడ, దాని ఇంజన్ ఎక్కడ, మనుషులు ఎక్కడ పడుకుంటారు అని అడగండి. జవాబు అరగంట వస్తుంది. వినండి.

ఇక చదువు సంగతి. నాకు ఫిజిక్స్ మీద ప్రేమ పుట్టింది ఒక కూడికల కాగితం వల్ల. తొమ్మిదిలో కాంతి వేగం వచ్చింది, సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. కాంతి సంవత్సరం అంటే కాంతి ఏడాదిలో పోయే దూరం, దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా, 4.24 కాంతి సంవత్సరాల దూరం. రామగుండం స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కి గంటకు 60 కిలోమీటర్ల చొప్పున ఎక్కడా ఆగకుండా పోతే అక్కడికి ఎన్నాళ్లు? ఏడున్నర కోట్ల ఏళ్లకు పైనే. డైనోసార్లు అంతరించి ఆరున్నర కోట్ల ఏళ్లు దాటింది. అవి ఉన్నప్పుడు, ఆఖరి రోజున బయల్దేరిన రైలు కూడా ఇంకా దారిలోనే ఉంటుంది. 1977లో వదిలిన వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక సెకనుకు 17 కిలోమీటర్లు పోతోంది, ఆ వేగానికైతే సుమారు 75 వేల ఏళ్లు. మరి సిరీస్‌లోని ఓడ ఎంటర్‌ప్రైజ్? దాని వేగాన్ని వార్ప్ అంటారు, పాత సిరీస్ లెక్కలో వార్ప్ 6 అంటే కాంతి వేగానికి ఆరు ఘనం, 216 రెట్లు. వారం రోజుల్లో చేరుతుంది. ఆ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాంతిని దాటి ఏదీ పోలేదని ఐన్‌స్టీన్ చెప్పాడని తర్వాత చదివాను, కోపం వచ్చింది. ఎందుకు పోలేదో తెలుసుకోవాలనే కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ దాకా వచ్చాను.

హోర్టాను కూడా క్లాసులో వాడుకున్నాను. అది కార్బన్‌తో కాకుండా సిలికాన్‌తో ఏర్పడిన ప్రాణి. ఆవర్తన పట్టికలో సిలికాన్ కార్బన్‌కు సరిగ్గా కింద ఉంటుంది, పక్క పరమాణువులను పట్టుకోవడానికి దానికీ నాలుగు చేతులు. మరి సిలికాన్ ప్రాణులు ఎందుకు లేవు? పిల్లల్ని అడిగేదాన్ని. మనం తిన్నది లోపల ఆక్సిజన్‌తో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది వాయువు, ఊపిరితో బయటికి పోతుంది. సిలికాన్ ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది సిలికాన్ డయాక్సైడ్, అంటే ఇసుక. కరగాలంటే 1,700 డిగ్రీలు కావాలి. హోర్టా ఊపిరి వదిలితే ఇసుక రాలాలి. రసాయన బంధాలు అర్థం కాని పిల్ల కూడా ఈ ఒక్క మాటతో తల ఎత్తి చూసేది. మీ అమ్మాయికి టెన్త్‌లో కార్బన్ పాఠం వస్తుంది. ఆ రోజు ఆమెను హోర్టా ఎట్లా బతుకుతుందో చెప్పమనండి.

మా నేల మీద నా చూపు మార్చింది కూడా ఈ సిరీసే. అందుకు నేను దానికి రుణపడి ఉన్నాను. ఆ ఎపిసోడ్ తర్వాత కొన్నాళ్లకు బాపు బాయిల నుంచి ఒక పలక రాయి తెచ్చి ఇచ్చాడు. అరచేతి అంత, నల్లగా, పలుచగా. దాని మీద ఒక ఆకు అచ్చు. నాలుక ఆకారం, నడుమ ఈనె, పక్కకు వల లాంటి సన్న గీతలు. దీపం పక్కగా పెడితేనే గీతలు లేస్తాయి, ఎదురుగా పెడితే మాయమవుతాయి. 'ఇది ఏ గ్రహం ఆకు?' అని రాసుకున్నాను. యూనివర్సిటీకి వచ్చాక తెలిసింది, అది గ్లోసోప్టెరిస్. ఆ పేరులో ఉన్న గ్రీకు మాటకు అర్థం నాలుకే. మన గోదావరి లోయ బొగ్గు పాతిక కోట్ల ఏళ్ల కిందటి ఇలాంటి అడవుల నుంచే వచ్చింది. ఇదే ఆకు దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, మంచు కింద అంటార్కిటికాలో కూడా దొరికింది. అవన్నీ ఒకప్పుడు ఒకే భూఖండం అనడానికి అది ఒక సాక్ష్యం. ఆ ఖండానికి పేరు గోండ్వానా. మన ఆదిలాబాద్ గోండుల పేరు మీద ఉన్న మాట అది. నాకు ఇంత దగ్గరగా ఇంత వింత లోకం ఉందని చెప్పిన మనిషి బాపు అయితే, 'ఇది ఏ గ్రహం' అని అడిగే నోరు ఇచ్చింది ఆ సిరీస్.

కాబట్టి సెలవుల్లో ఆమెను హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి. అక్కడ కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది, మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ కాలం డైనోసార్. పక్కనే నక్షత్రశాల. దాన్ని ఎన్టీఆర్ 1985 సెప్టెంబర్ 8న ప్రారంభించారు. స్టార్ ట్రెక్ మొదటి ఎపిసోడ్ వచ్చిన తేదీ కూడా అదే సెప్టెంబర్ 8. ఎవరూ అనుకుని పెట్టింది కాదు, కానీ మీ అమ్మాయికి చెప్పి చూడండి, ఆ రోజే వెళ్దామంటుంది.

ఆడపిల్ల కాబట్టి ఉహురా సంగతి కూడా చెప్పాలి. ఆ పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ తర్వాత మానెయ్యాలనుకున్నారు. నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఆమెను కలిసి, మీరు ఆ కుర్చీలో ఉండటం మాకు ఎంత ముఖ్యమో చెప్పి ఆపారు. తర్వాత 1970లలో ఆమె నాసా తరఫున ఆడవాళ్లనూ నల్లజాతి వాళ్లనూ వ్యోమగాములుగా దరఖాస్తు చేసుకొమ్మని ఊరూరా తిరిగి చెప్పారు. 1978లో నాసా ఎంచుకున్న 35 మందిలో ఆరుగురు ఆడవాళ్లు. ఉహురాను చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షానికి వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ అయింది. ఆ మరుసటేడు స్టార్ ట్రెక్ తర్వాతి సిరీస్‌లో చిన్న పాత్ర కూడా వేసింది. ఆ ఎపిసోడ్ మీ అమ్మాయి చూసే ఉండొచ్చు, కానీ ఆమె నిజం వ్యోమగామి అని తెలిసి చూసిందో లేదో అడగండి.

రెండో సీజన్ తర్వాత సిరీస్ ఆగిపోతుందంటే 1968లో అభిమానులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి మూడో సీజన్ తెప్పించుకున్నారు. 1976లో మళ్లీ ఉత్తరాలు రాసి నాసా మొదటి అంతరిక్ష షటిల్‌కు ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టించారు. ఆదివారం స్టార్ ట్రెక్ రావడం ఆగిపోయినప్పుడు, ఇదేదీ తెలియకుండానే నేనూ ఒక ఇన్‌లాండ్ లెటర్ రాసి ఢిల్లీకి వేశాను, తెలుగులో. చిరునామా మాత్రం ఓవర్‌మెన్ సారు ఇంగ్లీషులో రాసిచ్చారు.

మార్కులు తగ్గితే ఏంటని అడుగుతారు. తగ్గితే టైమ్ తగ్గించండి, తప్పేం లేదు. కానీ 'మార్కులు వస్తేనే చూడనిస్తా' అని ముడిపెట్టొద్దు. అట్లా ముడిపెట్టిన పిల్లలకు చదువు జరిమానాలా, సిరీస్ జీతంలా మారి, రెండింటి మీదా ఇష్టం పోవడం నా క్లాసులోనే చూశాను. ఒక్క విషయంలో మాత్రం నిజంగా ఆందోళన పడాలి. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా, చూసింది ఎవరికీ చెప్పకుండా, మనుషుల్ని తప్పించుకోవడానికే చూస్తుంటే అది సిరీస్ సంగతి కాదు. బడిలోనో స్నేహితుల మధ్యనో ఏదో నొప్పి ఉంది, దాన్ని వెతకాలి. పెద్దలు కనిపిస్తే చెయ్యెత్తి పలకరించే పిల్ల మనుషుల్ని తప్పించుకోవట్లేదు, కాబట్టి నాకు ఆ భయం తక్కువే.

ఆ చెయ్యి సంగతి. స్పాక్ వేషం వేసిన లెనార్డ్ నిమోయ్ యూదు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు ప్రార్థనా మందిరంలో పూజారులు రెండు చేతులూ అట్లా వేళ్లు విడదీసి జనాన్ని దీవించడం చూశారు. తలలు వంచుకోవాల్సిన సమయంలో దొంగచూపు చూశానని ఆయనే చెప్పేవారు. దాన్నే ఒక చేతితో స్పాక్ పలకరింపుగా తెచ్చారు. దాంతో అనే మాట, దీర్ఘాయుష్షుతో చల్లగా వర్ధిల్లమని. అంటే అది నమస్తే కాదు, దీవెన. మన దగ్గర దీవెన పెద్దలు చిన్నవాళ్లకు ఇచ్చేది. ఈ మాట మీ అమ్మాయికి చెప్పండి. ముందు ఆమె వంగి దండం పెట్టాలి, తర్వాత పెద్దవాళ్లు ఆ చెయ్యి ఎత్తాలి. మీ అత్తమ్మకు వేళ్లు విడదీయడం ఆమెనే నేర్పమనండి. బాపుకు నేను నేర్పాను. దుంగలు మోసిన వేళ్లు, నడుమ సందు రావడానికి రెండో చేత్తో పట్టి విడదీసుకోవాల్సి వచ్చింది.

ఒక్క పని ఈ ఆదివారమే చెయ్యండి. గని ఎపిసోడ్ మీ అమ్మాయి చూసేసింది కాబట్టి, అత్తమ్మను పక్కన కూర్చోబెట్టి మళ్లీ పెట్టమనండి. ప్రతి మాటా తెలుగులో ఆమెనే చెప్పాలి. బండ మీద ఆ మూడు మాటలు పడగానే ఆపేయండి. టేబుల్ మీద ఉన్న ఆ గుండు ఏమై ఉంటుందో అత్తమ్మను అడగండి. ఆమె ఆలోచించుకునేదాకా ఎవరూ నోరు విప్పొద్దు.